బోగీ అంటే పెట్టెనా, దాని కింది చక్రాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నిడదవోలు. విజయవాడ నుంచి రాజమండ్రి వెళ్లే మెయిన్ లైన్లోంచి భీమవరం, నరసాపురం వైపు పాయ చీలేది మా ఊళ్లోనే. మా మావయ్య రైల్వేలో సీ అండ్ డబ్ల్యూ పనివాడు. అంటే ప్రయాణికుల పెట్టెల్నీ, గూడ్సు వ్యాగన్లనీ చూసుకునే విభాగం అన్నమాట. చిన్నప్పుడు నేను "మావయ్యా, ఈ బండికి ఎన్ని బోగీలు?" అని అడిగితే పెట్టెలు లెక్కపెట్టి రెట్టింపు చెప్పేవాడు. ఇరవై పెట్టెల బండికి నలభై అనేవాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకునేదాన్ని. ఆయన లెక్క సరైనదేనని చాలా ఏళ్లకు తెలిసింది. ఇప్పుడు మా చుట్టాల పిల్లలూ, రైల్వే పరీక్షలకు చదివేవాళ్లూ నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఒక్కచోట పెడుతున్నాను.

సూటిగా చెప్పండి. బోగీ అంటే ఏమిటి?

రైల్వే ఇంజనీరు భాషలో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, వాటి మీద స్ప్రింగులు, బ్రేకులు, అన్నిటినీ పట్టి ఉంచే ఇనుప చట్రం. ఇదంతా కలిపి ఒక బోగీ. పెట్టెకి ముందు ఒకటి, వెనక ఒకటి ఉంటాయి. పెట్టె వాటి మీద కూర్చుని ఉంటుంది. మలుపు వచ్చినప్పుడు కింద బోగీ కాస్త పక్కకు తిరుగుతుంది, పెట్టె మాత్రం తిన్నగానే ఉంటుంది.

మామూలు తెలుగులో బోగీ అంటే మనం ఎక్కి కూర్చునే పెట్టె. "మాది ఎస్-5 బోగీ", "ముందు బోగీలు ఖాళీగా ఉన్నాయంట" అంటాం కదా, అదే.

రెండర్థాలూ చలామణీలో ఉన్నవే. తికమకంతా ఒకరు ఒక అర్థంలో మాట్లాడుతుంటే ఇంకొకరు రెండో అర్థంలో వినడం వల్ల వస్తుంది.

అయితే పెట్టెని బోగీ అనడం తప్పేనా?

నా మట్టుకు తప్పు కాదు. ఒక్క మన తెలుగువాళ్లమే కాదు, దేశమంతా అలాగే అంటోంది.

ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మొదట్లో రైలు పెట్టెలు పొట్టిగా ఉండేవి. నాలుగు చక్రాలు, నేరుగా పెట్టెకే బిగించినవి. తర్వాత పొడుగు పెట్టెలు వచ్చాయి, వాటి కింద బోగీలు పెట్టారు. పాతవాటి నుంచి వేరు చేసి చెప్పడానికి వాటిని బోగీ క్యారేజీలు అన్నారు. రెండు మాటలున్నచోట జనం నాలుక ఒకటి వదిలేస్తుంది. 'సెల్ ఫోను' చాలామందికి ఉత్త 'సెల్లు' అయిపోలేదూ! అలాగే ఇక్కడ 'క్యారేజీ' రాలిపోయి 'బోగీ' మిగిలింది.

ఇంకో మాట. 'రైలు' అనే మాటకి ఇంగ్లీషులో అసలు అర్థం పట్టా. ఆ పట్టా పేరు తెచ్చి మనం బండికి పెట్టుకున్నాం. పట్టాకేమో 'పట్టా' అని వేరే పేరు ఇచ్చాం. బండినే పట్టా పేరుతో పిలుస్తున్నవాళ్లం, పెట్టెని చక్రాల పేరుతో పిలిస్తే వింతేముంది?

ఆ చట్రం గొడవంతా ఎందుకు? చక్రాలు పెట్టెకే బిగించేస్తే పోదా?

పొట్టి పెట్టె అయితే పోతుంది. పొడుగు పెట్టెతో వస్తుంది చిక్కు.

మన ఊళ్లలో రథం లాగడం చూసే ఉంటారు. తిన్నటి వీధిలో బాగానే వస్తుంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి జనం ఆగిపోతారు. చక్రాల కింద చెక్కలు పెట్టి, కొంచెం కొంచెంగా జరిపి, అరిచి గోల చేసి తిప్పుతారు. ఇరుసులు రథానికే బిగించి ఉండటం వల్ల వచ్చే తిప్పలు అవి. ఇప్పుడు వరికోతలప్పుడు ట్రాక్టరు వెనక వచ్చే నాలుగు చక్రాల ట్రక్కుని చూడండి. దాని ముందు ఇరుసు విడిగా తిరుగుతుంది. అందుకే కాలవగట్టు మీద ఇరుకు మలుపులో కూడా బస్తాలతో సహా తిరిగిపోతుంది.

రైలు పెట్టెకి ఆ వెసులుబాటు రెండు వైపులా ఇచ్చేదే బోగీ. ఇప్పుడు తిరుగుతున్న ఎల్‌హెచ్‌బీ అనే కొత్తరకం పెట్టె పొడవు 23 మీటర్లు దాటుతుంది. దాని బోగీలో రెండు ఇరుసుల మధ్య దూరం 2.56 మీటర్లే. పట్టా ఒంపు తిరిగినా నాలుగు చక్రాలూ ఆ చిన్న దూరంలో పట్టాని పట్టుకుని పోతాయి.

రెండో లాభం కుదుపు తగ్గడం. పట్టాలో ఒక చోట పల్లం ఉంటే, దానిలోకి దిగేది బోగీలో ఒక చివర. పెట్టె ఆ బోగీ మధ్యలో ఆని ఉంటుంది కాబట్టి అది దిగేది అందులో సగమే. దాని పైన స్ప్రింగులు ఎటూ ఉన్నాయి. గూడ్సు బండి చివర గార్డు కూర్చునే పాతరకం బ్రేక్ వ్యాన్‌కి నాలుగే చక్రాలు, బోగీలు లేవు. అందులో డ్యూటీ చేసినవాళ్లని నడుము నొప్పి గురించి అడిగి చూడండి, బోగీ విలువ వాళ్లు చెబుతారు. (గార్డు అనే పేరు కూడా 2022లో మారింది, ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అనాలి. మా వీధిలో ఇంకా ఎవరూ అనడం లేదు.)

రైల్లో పడుకుంటే వినిపించే 'టక్‌టక్... టక్‌టక్' బోగీ చప్పుడేనా?

అవును, పట్టాల అతుకుల మీద చక్రాలు దాటే చప్పుడు. ఒక బోగీలో రెండు ఇరుసులు కాబట్టి 'టక్‌టక్' అని జంటగా వినిపిస్తుంది. ముందు పెట్టె వెనక బోగీ, వెనక పెట్టె ముందు బోగీ దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకని రెండు జంటలు వెంటవెంటనే వచ్చి, తర్వాత పెట్టె పొడవంతా దాటేదాకా చిన్న ఖాళీ వస్తుంది. పెట్టె చివర తలుపు దగ్గర నిలబడితే ఇది స్పష్టంగా తెలుస్తుంది, పెట్టె నడిమధ్య ఉన్న బెర్తుల్లో అంతగా తెలియదు.

ఇప్పుడు పట్టాలను పొడవుగా వెల్డింగ్ చేసేస్తున్నారు కాబట్టి మెయిన్ లైన్లో ఆ తాళం దాదాపు పోయింది. స్టేషన్ దగ్గర పట్టాలు మారేచోట మాత్రం వినిపిస్తుంది. రాజమండ్రిలో దిగాల్సిన మా అమ్మ నిద్రలో ఉన్నా సరే, రోడ్ కం రైలు వంతెన ఇనుప చప్పుడు మొదలవగానే లేచి కూర్చుని చిల్లర వెతుక్కుంటుంది. ఏసీ పెట్టెలకి కిటికీ తెరుచుకోదు. గోదారమ్మకి రూపాయి వేయడానికి తలుపు దగ్గరికి పరిగెత్తాలి. ఎవరికి ఎంత సుఖం పెరిగినా మా అమ్మకి మాత్రం ఆ ఒక్క లోటు ఉంది.

ఈ మాట ఎక్కడ పుట్టింది? బొగ్గుకీ బోగీకీ ఏమైనా చుట్టరికమా?

మాటల చుట్టరికం లేదు. బొగ్గు మన మాట. బోగీ ఉత్తర ఇంగ్లండు యాసలోంచి వచ్చింది. అక్కడ అది కురచగా, దృఢంగా ఉండే సరుకుల బండి పేరు. తమాషా ఏమిటంటే ఆ ప్రాంతం బొగ్గు గనులకి పేరుమోసింది. 19వ శతాబ్దంలో రైలు చక్రాల చట్రానికి ఆ పేరు అంటుకుంది. అమెరికా వాళ్లు దీన్నే 'ట్రక్' అంటారు. మనకి ట్రక్కు అంటే ట్రాక్టరు వెనకది. ఒక్క వస్తువుకి రెండు దేశాల్లో రెండు పేర్లు, ఆ రెండు పేర్లకీ మన దగ్గర వేరే అర్థాలు.

మన రైల్వే పనివాళ్లు ఇంకో పేరు వాడతారు: ట్రాలీ. "ముందు ట్రాలీ", "వెనక ట్రాలీ" అంటారు. జనం బోగీ అంటే పెట్టె అనుకుంటారు కాబట్టి, తమలో తాము తికమక పడకుండా దీన్ని పట్టుకున్నారని నా అనుమానం. పట్టాలు తనిఖీ చేసే ఉద్యోగులు కూర్చుని తోయించుకుంటూ పోయే బల్లని కూడా ట్రాలీ అనే అంటారు, అది వేరు.

రాసేటప్పుడు బోగీనా, భోగీనా?

బోగీ. 'బ' కి వత్తు లేదు. భోగి అంటే సంక్రాంతి ముందు రోజు మంటలు వేసుకునే పండగ.

జనవరి నెలలో వాట్సాప్‌లో "భోగీలు ఫుల్", "బోగి శుభాకాంక్షలు" రెండూ చూస్తుంటాను. హైదరాబాద్ నుంచి మన వైపు వచ్చే గౌతమి, నరసాపురం, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లలో ఆ వారం టికెట్ దొరకడం ఎంత టెన్షనో అందరికీ తెలిసిందే. భోగికి ఇంటికి రావాలంటే బోగీలో చోటు కావాలి మరి.

రోలింగ్ స్టాక్ అంటే ఏమిటి? బోగీలకి ఇంకో పేరా?

చాలా పెద్ద మాట ఇది. పట్టాల మీద చక్రాలతో దొర్లేదంతా రోలింగ్ స్టాక్. ప్రయాణికుల పెట్టెలు, గూడ్సు వ్యాగన్లు, ఇంజిన్లు, తనిఖీ ట్రాలీలు, అన్నీ.

కొట్లో "స్టాకు దిగింది" అనే అర్థంతో చూస్తే ఇది అర్థం కాదు. ఒక రైతుకి ఉన్నదాన్ని స్థిరాస్తి, చరాస్తి అని రెండుగా రాస్తారు కదా. పొలం, ఇల్లు స్థిరాస్తి. గొడ్డూ గోదా, బండి, ట్రాక్టరు చరాస్తి. రైల్వేకి పట్టాలు, వంతెనలు, స్టేషన్లు మొదటి రకం. రోలింగ్ స్టాక్ రెండో రకం. ఇక్కడ స్టాక్ అంటే సంస్థ దగ్గరున్న ఆస్తి. దొర్లే ఆస్తి.

ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఇది షేర్ మార్కెట్ మాట అనుకుని, ఏ షేరు కొనాలి అని నన్ను అడిగాడు. వ్యాగన్లు తయారుచేసే కంపెనీల గురించి షేర్ల వాళ్లు మాట్లాడేటప్పుడు ఈ మాట వాడతారు కాబట్టి ఆ అబ్బాయిని తప్పు పట్టలేం.

ఇంజిను కూడా రోలింగ్ స్టాకేనా?

మన దేశంలో అవును. 1989 రైల్వే చట్టంలో ఇచ్చిన అర్థంలో లోకోమోటివ్‌లు (అంటే ఇంజిన్లే), క్యారేజీలు, వ్యాగన్లు, ట్రాలీలు, పట్టాల మీద నడిచే అన్ని రకాల వాహనాలూ వస్తాయి. కొన్ని దేశాల్లో కొందరు లాగే ఇంజిన్ని పక్కన పెట్టి, లాగబడే వాటినే రోలింగ్ స్టాక్ అంటారు. మీరు చదివే పుస్తకం ఎక్కడిదో చూసుకోండి.

అన్నట్టు ఇంజిన్లకీ బోగీలుంటాయి. ఎక్స్‌ప్రెస్‌లను లాగే వ్యాప్-7 కరెంటు ఇంజినుకి రెండు బోగీలు, ఒక్కో దానికి మూడేసి ఇరుసులు. మొత్తం పన్నెండు చక్రాలు. ఇంజినుని లాగే మోటార్లు కూడా ఆ బోగీల్లోనే ఉంటాయి.

కోచ్, క్యారేజీ, కంపార్ట్‌మెంట్, కారు, వెహికల్... ఇన్ని పేర్లెందుకు? తేడా ఉందా?

ఉంది, కానీ రోజువారీ మాటల్లో అంతగా పట్టింపు లేదు.

కోచ్ అంటే ప్రయాణికుల పెట్టె. హంగేరీలో కోచ్ అనే ఊళ్లో తయారైన గుర్రపు బళ్ల పేరు మీంచి వచ్చిన మాట. రైల్వే టికెట్లో, ప్లాట్‌ఫాం బోర్డు మీద మీకు కనిపించేది ఇదే. ప్లాట్‌ఫాం మీద ఎవరినైనా అడిగేటప్పుడు నేను దీన్నే వాడతాను.

క్యారేజీ కూడా అదే అర్థం. కాకపోతే మన ఇళ్లలో క్యారేజీ అంటే అన్నం పెట్టుకునే గిన్నెల వరస. మా మావయ్య ఉద్యోగం గురించి మా నాయనమ్మకి ఎవరో "క్యారేజీలు చూసే పని" అని చెబితే, హోటల్లో కుదిరాడేమో అనుకుని కొన్నాళ్లు బాధపడిందట.

కంపార్ట్‌మెంట్ అంటే అసలు ఒక పెట్టెలో గోడలతో వేరు చేసిన గది. ఫస్ట్ ఏసీలో తలుపు వేసుకునే క్యాబిన్ లాంటిది. మనం మొత్తం పెట్టెనే అలా అంటున్నాం. ఇంకా ముందుకెళ్లి తిరుమలలో క్యూలో కూర్చోబెట్టే గదులకీ ఇదే పేరు. "ఇరవై కంపార్ట్‌మెంట్లు నిండాయి" అని టీవీలో వినగానే మనకి రైలు గుర్తుకు రాదు, సర్వదర్శనం గుర్తొస్తుంది. పాత అర్థానికి నిజంగా దగ్గరగా ఉన్న వాడుక అదే!

కారు అమెరికా అలవాటు. మన దగ్గర చైర్ కార్, ప్యాంట్రీ కార్, పవర్ కార్ లాంటి జంట మాటల్లోనే వినిపిస్తుంది. వెహికల్ రైల్వే లోపలి మాట. బండి చివరి పెట్టెకి 'ఎల్‌వీ' అని ఇంగ్లీషు అక్షరాల పలక తగిలిస్తారు, లాస్ట్ వెహికల్ అని. వెనకున్న పెద్ద గుణకారం గుర్తు కూడా అందుకే. స్టేషన్ వాళ్లు అది చూసి, బండి మొత్తం వచ్చింది, మధ్యలో ఏ పెట్టే తెగి వెనక మిగిలిపోలేదు అని తెలుసుకుంటారు.

పేపర్లో "యూరియా రేకు వచ్చింది" అని రాస్తారు. ఈ రేకు ఏమిటి?

ఇది పైకప్పు రేకు కాదు, పువ్వు రేకు కాదు. ఇంగ్లీషు 'రేక్'. కలిపి కట్టినవి వ్యాగన్లైనా పెట్టెలైనా, ఆ వరస మొత్తం ఒక రేకు. ఇంజిను లేకపోయినా రేకు రేకే. ఇంజిను తగిలించి, నంబరిచ్చి నడిపితే అది ట్రైన్.

డెల్టాలో ఈ మాట రైల్వే ఉద్యోగులకంటే రైతులకే బాగా తెలుసు. నాట్లు అయ్యాక తాడేపల్లిగూడెంలో రేకు దిగిందా లేదా అన్నది ఎరువుల కొట్టు దగ్గర వినిపించే మొదటి ప్రశ్న. ఒక రేకులో 40కి పైగా మూత వ్యాగన్లు, సుమారు 2,600 టన్నుల ఎరువు వస్తుంది. 45 కిలోల బస్తాల లెక్కన 57 వేల పైచిలుకు బస్తాలు. మండలాలకి పంచేసరికి ఎవరికి ఎన్ని వస్తాయో, ఆధార్ కార్డు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

గూడ్సు వ్యాగన్ల మీద రాసే అక్షరాల్లో ముందు 'బీ' ఎందుకుంటుంది?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. ఆ 'బీ' అంటే బోగీయే.

గేటు పడినప్పుడు బండి మీద కూర్చుని ఊరికే హారన్ కొట్టకుండా ఈసారి వ్యాగన్ పక్కన చదవండి. బొగ్గు వేసుకొచ్చే పైన మూతలేని వ్యాగన్ మీద 'బాక్స్‌ఎన్' అని ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ధాన్యం, సిమెంటు, ఎరువు వేసే మూత వ్యాగన్ మీద 'బీసీఎన్'. పెట్రోలు, డీజిలు ట్యాంకు మీద 'బీటీపీఎన్'. వీటన్నిటిలో మొదటి అక్షరం ఈ వ్యాగన్ బోగీల మీద నడిచేది అని చెబుతుంది. అంటే ఎనిమిది చక్రాల వ్యాగన్. నాలుగు చక్రాల పాత వ్యాగన్లు కూడా తిరిగే రోజుల్లో ఈ తేడా రాయడం అవసరమైంది. ఇప్పుడు దాదాపు అన్నీ బోగీలవే అయినా అక్షరం అలాగే ఉండిపోయింది.

బోగీ అనే మాట అసలు అర్థంతో జనం కళ్లముందే రోజూ వెళుతోందన్నమాట. మనం ఆ అక్షరాలు చదవం అంతే. ఒక్క జాగ్రత్త: గార్డు వ్యాన్ మీద 'బీవీ' అని మొదలైతే అక్కడ 'బీ' బ్రేక్.

ప్రమాదాల వార్తల్లో "ఆరు బోగీలు పట్టాలు తప్పాయి" అంటే ఎన్ని పెట్టెలు?

తెలుగు పేపర్లో, టీవీలో అయితే ఆరు పెట్టెలు. 2023 ఫిబ్రవరిలో బీబీనగర్, ఘట్‌కేసర్ మధ్య గోదావరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పినప్పుడు మనవాళ్లంతా అలాగే రాశారు, అలాగే చదువుకున్నాం. ప్రయాణికులు క్షేమంగా బయటపడ్డారు, అది మేలు. ఆ రోజు మా బంధువుల గ్రూపులో "ఏ బోగీ? ఏ బోగీ?" అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు వచ్చాయి. అప్పుడు అందరికీ కావలసింది పెట్టె నంబరు, ఇంకేమీ కాదు.

రైల్వే వాళ్ల రిపోర్టులో మాత్రం తేడా చాలా ముఖ్యం. ఒక పెట్టెకి ముందు ట్రాలీ మాత్రమే పట్టా దిగి, వెనక ట్రాలీ పట్టా మీదే ఉండొచ్చు. అది చిన్న ఘటన, క్రేను కూడా అక్కర్లేకుండా జాకీలతో ఎత్తి పెట్టేయవచ్చు. దాన్ని "ఒక బోగీ పట్టాలు తప్పింది" అని ఇంజనీరు అన్నా, విలేకరి విని ఒక పెట్టె మొత్తం పడిపోయినట్టు రాయవచ్చు. అనువాదం చేసే విలేకరులకి నా మనవి: ఇంగ్లీషు రిపోర్టులో బోగీ కనిపిస్తే ఒకసారి అడిగి రాయండి. తెలుగులో 'పెట్టె' అని రాస్తే ఎవరికీ అనుమానం ఉండదు.

నేను ఫిర్యాదు చేసేటప్పుడు ఏ మాట వాడాలి?

'కోచ్' అనండి, నంబరు చెప్పండి. తర్వాత ఏం పాడైందో చెప్పండి. ఇది నా అనుభవంతో చెబుతున్నాను.

ఒకసారి రాత్రి ప్రయాణంలో ఒకటే చప్పుడు. నిద్ర పట్టక రైల్వే ఫిర్యాదుల నంబరు 139కి ఫోన్ చేసి "మా బోగీలోంచి బాగా చప్పుడు వస్తోందండీ" అన్నాను. తర్వాత స్టేషన్లో ఇద్దరు టార్చిలైట్లు, సుత్తి పట్టుకుని పరుగున వచ్చారు. ఒకాయన పెట్టె కిందికి వంగిపోయాడు. ఇంకొకాయన నన్ను అడిగాడు.

"ముందు ట్రాలీయా, వెనక ట్రాలీయా అమ్మా?"

"ఎస్-4 అండీ."

"అది తెలుసమ్మా. ముందుదా, వెనకదా?"

"బాత్రూం పక్కదండీ. తలుపుకి గొళ్లెం పడట్లేదు, రాత్రంతా కొట్టుకుంటోంది."

కింద వంగినాయన లేచి నిలబడ్డాడు. ఆయన మొహం ఇప్పటికీ మర్చిపోలేను. "గొళ్లెం అని ముందే చెప్పొచ్చు కదమ్మా" అని, ఒక తీగముక్కతో తలుపు కట్టేసి వెళ్లిపోయాడు. బోగీలో చప్పుడు అంటే వాళ్లకి స్ప్రింగు విరగడమో, బేరింగు వేడెక్కడమో. బేరింగు వేడెక్కితే ఇరుసు తెగే ప్రమాదం ఉంది, అందుకే అంత పరుగు. బండి స్టేషన్లోకి వస్తుంటే పట్టాల పక్కన కొందరు గొంతుక్కూర్చుని చక్రాల వైపే చూస్తుంటారు, గమనించారా? వాళ్లు చూసేది, చెవి పెట్టి వినేది దీని కోసమే. మావయ్యకి ఈ కథ చెబితే నవ్వలేదు. "అర్ధరాత్రి వాళ్ల గుండె ఎంత దడదడలాడిందో" అన్నాడు.

పాత నీలం పెట్టెలకీ, కొత్త ఎర్ర పెట్టెలకీ తేడా పైన రంగేనా?

రంగు సంగతి వదిలేయండి, కిందికి చూడండి. నీలం రంగులో ఎక్కువగా కనిపించినవి ఐసీఎఫ్ రకం. మద్రాసు పెరంబూరులో 1955లో మొదలైన ఫ్యాక్టరీ పేరు మీద వచ్చాయి. వాటి బోగీల్లో బ్రేకు దిమ్మ నేరుగా చక్రాన్నే ఒరుసుకుని ఆపుతుంది. అక్కడ ఆ రకం తయారీ 2018లో ఆగిపోయింది. ఎర్రగా కనిపించేవి ఎల్‌హెచ్‌బీ, జర్మనీ కంపెనీ నమూనా. వీటి బోగీల్లో ఇరుసుకి బిళ్లలుంటాయి, బ్రేకు వాటిని పట్టుకుంటుంది, మోటార్ సైకిల్ డిస్కు బ్రేకులాగే. పెట్టెల్ని కలిపే కొక్కెం కూడా వేరు. ప్రమాదంలో ఒక పెట్టె మీదికి ఇంకో పెట్టె ఎక్కకుండా అది చాలావరకు ఆపుతుంది.

ప్రయాణికుడికి తగిలే తేడా బెర్తుల లెక్క. ఐసీఎఫ్ స్లీపర్లో 72, ఎల్‌హెచ్‌బీ స్లీపర్లో 80. కాబట్టి ఎవరైనా మీ టికెట్ చూసి "76వ బెర్తు అసలు ఉండదండీ" అంటే పాత లెక్కలో ఉన్నారని అర్థం.

మెము ప్యాసింజర్లకీ, వందేభారత్‌లకీ విడిగా ఇంజిను కనిపించదు. వాటికి బోగీలుంటాయా?

ఉంటాయి. ఇంజిను పని పెట్టెల కిందే, కొన్ని బోగీల్లో మోటార్లు పెట్టి చేయిస్తారు. 2023 సంక్రాంతి రోజున, జనవరి 15న, మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందేభారత్ రాజమండ్రిలో ఆగినప్పుడు పిల్లలు ముందుకెళ్లి ఇంజిను కోసం వెతకడం చూశాను. సగం పెట్టెల కింద మోటార్లుంటాయని చెబితే నమ్మలేదు.

ఇక కోనసీమ అంచున కాకినాడ–కోటిపల్లి లైను ఒకటి ఉంది. 1928 నాటిది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ వేశారు. దాని మీద ఒకే పెట్టెతో రైలు బస్సు తిరిగింది. అది ఇంజినా, పెట్టా, బండా అని అడిగితే మూడూ అదే. అక్కడివాళ్లు 'ఒక్క బోగీ రైలు' అంటే ఎవరికీ తికమక రాలేదు.

వీటన్నిటికీ మంచి తెలుగు మాట లేదా?

ఉంది: పెట్టె. "రైలు పెట్టె", "ఆడవాళ్ల పెట్టె", "జనరల్ పెట్టె". మా నాయనమ్మ తరం ఇదే అనేది. పొట్టి మాట, ఏ తికమకా లేని మాట. చక్రాల చట్రానికి కొత్త తెలుగు మాట పుట్టించక్కర్లేదు, ఎవరూ వాడరు. ధూమశకటం ఏమైందో చూశాం కదా.

పరీక్షలో బోగీ గురించి అడిగితే?

సాంకేతిక ప్రశ్న అయితే చక్రాల చట్రం అనే రాయండి. "ఒక మామూలు కోచ్‌కి ఎన్ని బోగీలు" అంటే రెండు, చక్రాలు ఎనిమిది. జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలో బోగీ అంటే పెట్టె అయ్యుండొచ్చు, ఇచ్చిన జవాబుల్ని బట్టి తెలిసిపోతుంది.

పిల్లలకి చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలి?

ప్లాట్‌ఫాం మీద నిలబడితే కనిపించదు, ఎత్తు అడ్డం వస్తుంది. పాదచారుల వంతెన మీంచి చూసినా పెట్టెల పైకప్పులే. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడ్డాక, గేటుకి ఇవతల, బాగా దూరంగా నిలబెట్టండి. ముందు గూడ్సు బండి రావాలని కోరుకోండి, ఎక్స్‌ప్రెస్ అయితే కంటికి ఆనదు. ఒక పక్క నుంచి చూస్తే ఒక్కో బోగీకి రెండు చక్రాలే కనిపిస్తాయి. ఆ రెండు చక్రాలకి ఒకటి చొప్పున వేళ్లు మడవమనండి. మా మేనకోడలు బాక్స్‌ఎన్ బండికి నూట పద్నాలుగు దాకా లెక్కపెట్టి, అక్కడ తప్పిపోయి, మళ్లీ ఇంకో బండి వచ్చేదాకా ఇంటికి రానంది.